బయోమ్యాథా, బయోఇన్ఫర్మాటిక్సా? మ్యాథ్స్ నుంచి వచ్చేవాళ్ళు లోపల అసలు ఏం చేస్తారు

సున్నా_ఒకటి
అందరికీ నమస్తే. నాది డిగ్రీ మొత్తం మ్యాథ్సే. అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ బాగానే వచ్చు, ప్రాబబిలిటీ ఒక సెమిస్టర్ చదివా, బయాలజీ మాత్రం స్కూల్లో వదిలేసిందే మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు చేరబోయే యూనివర్సిటీలో ఒకే ప్రోగ్రామ్ కింద రెండు దారులున్నాయి, బయోమ్యాథమాటిక్స్ ఒకటి, బయోఇన్ఫర్మాటిక్స్ ఒకటి. మొదటి ఏడాది కోర్సులు చాలావరకు ఉమ్మడి, తర్వాత ఏదో ఒకటి తేల్చుకోవాలి. ప్రాస్పెక్టస్‌లో చదివితే రెండిటి గురించీ దాదాపు ఒకే మాట రాశారు. తెలిసినోళ్ళని అడిగితే ఒకాయన మొదటిది కాగితం మీద ఈక్వేషన్లు, రెండోది కోడింగ్ అంతే అన్నాడు, ఇంకొకాయన రెండోది కళ్ళు మూసుకుని తీసుకో ఉద్యోగాలు దానికే అన్నాడు. నాకు కావాల్సింది అది కాదు. రోజూ కూర్చుని చేసే పని ఏంటి, దేని దగ్గర బుర్ర వేడెక్కుద్ది, అది చెప్పండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంది.

రాత్రి_షిఫ్ట్
బయోఇన్ఫర్మాటిక్స్‌లో రోజూ చేసే పని: ఒక ఫైల్ ఫార్మాట్‌ని ఇంకో ఫైల్ ఫార్మాట్‌లోకి మార్చడం. బయోమ్యాథ్ సంగతి నాకూ తెలీదు, చాప వేసుకుని కూర్చున్నా, చెప్పండి.

పైప్‌లైన్_అక్క
పై తమ్ముడు జోకు వేశాడు గానీ సగం నిజమే. నేను బయోఇన్ఫర్మాటిక్స్‌లో మాస్టర్స్ చేసి సీక్వెన్సింగ్ ఫెసిలిటీలో పనిచేస్తున్నా, కాబట్టి నా వైపు సంగతి చెప్తా. మామూలు ఆర్ఎన్ఏ-సీక్ ప్రాజెక్టు అనుకో, అంటే కణాల్లో ఏ జీన్ నుంచి ఎంత ఆర్ఎన్ఏ తయారైందో కొలవడం. మందు వేసిన కణాలవి మూడు శాంపిళ్ళు, వెయ్యనివి మూడు. మెషీన్ నుంచి ఫాస్ట్‌క్యూ ఫైళ్ళు వస్తాయి, కోట్ల కొద్దీ చిన్న చిన్న రీడ్లు (మెషీన్ చదివిన ముక్కలు), ఒక్కోటి వందో నూటయాభయ్యో అక్షరాలు. వాటి క్వాలిటీ చూడ్డం, మెషీన్ కోసం చివర్లకి అతికించిన అడాప్టర్లు కత్తిరించడం, రిఫరెన్స్ జీనోమ్ (ఆ జీవి మొత్తం డీఎన్ఏకి ప్రామాణిక ప్రతి) మీద ఎక్కడ అతుకుతాయో చూడ్డం, ఏ జీన్ మీద ఎన్ని పడ్డాయో లెక్కెయ్యడం, ఇదంతా ఒకసారి స్క్రిప్ట్ రాసి పెట్టుకుంటే దాని పాటికి అది నడుస్తుంది. చివరికి నీ చేతికి వచ్చేది ఒక టేబుల్. ఆరు కాలమ్స్, 20,000 దాకా జీన్లు. అసలు పని అక్కణ్ణుంచి మొదలు.

ఆ టేబుల్‌కి పీసీఏ (ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్) వేస్తావు. నీకు తెలిసిన సింగ్యులర్ వాల్యూ డీకంపొజిషనే, కొత్తదేం కాదు. మందు వేసినవి ఒక గుంపు, వెయ్యనివి ఒక గుంపు కనబడాలి కదా. కానీ చాలాసార్లు కనబడేది సోమవారం తయారుచేసిన శాంపిళ్ళు ఒక మూల, గురువారం తయారుచేసినవి ఇంకో మూల! దీన్నే బ్యాచ్ ఎఫెక్ట్ అంటారు. రెండు రోజుల్లోనూ రెండు రకాలూ కలిపి చేసుంటే పర్లేదు, మోడల్‌లో బ్యాచ్‌కి ఒక కాలమ్ పెట్టి దాని వాటా తీసెయ్యొచ్చు. సోమవారం అన్నీ కంట్రోళ్ళే, గురువారం అన్నీ మందు వేసినవే అయితే మాత్రం డిజైన్ మ్యాట్రిక్స్‌లో ఆ రెండు కాలమ్స్ ఒకటే అయిపోతాయి, ర్యాంక్ పడిపోతుంది, ఇక ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ఈ ముక్క ప్రయోగం చేసినవాళ్ళకి చెప్పాలి, అదీ వాళ్ళు డబ్బూ నెలలూ పోసేశాక. ఇది కూడా బయోఇన్ఫర్మాటిక్స్‌లో భాగమే, ఏ సిలబస్‌లోనూ ఉండదు.

సున్నా_ఒకటి
అక్కా ఇది భలే ఉంది. ర్యాంక్ తగ్గడం అంటే పరీక్షలో లెక్క అనే తెలుసు గానీ దానివల్ల ఒక ప్రయోగం మొత్తం గంగలో కలుస్తుందని ఎవరూ చెప్పలేదు. మరి బ్యాచ్ గొడవ లేదనుకుందాం, ఆ 20,000 జీన్లలో ఏవి మారాయో ఒక్కోదానికీ టీ-టెస్ట్ చేసేస్తే అయిపోదా?

నల్_హైపోథిసిస్
అయిపోదు. లెక్క నువ్వే చూసుకో. మందు అసలు ఏ పనీ చెయ్యలేదనుకో, అంటే ఒక్క జీనూ మారలేదు. 0.05 దగ్గర గీత గీసి 20,000 టెస్టులు చేస్తే సుమారు 1,000 జీన్లు "మారాయి" అని బయటికొస్తాయి. ఆ వెయ్యిలోంచి క్యాన్సర్‌తో లింకున్న పేరు ఒకటి వెతికి దాని మీద ఒక కథ అల్లడం ఎవరికైనా ఐదు నిమిషాల పని. అందుకే ఫాల్స్ డిస్కవరీ రేట్ అన్నారు, అంటే మారాయన్నవాటిలో ఉత్తుత్తివి ఎంత వాటా అని, బెంజమినీ, హాక్‌బర్గ్ 1995లో ఇచ్చిన పద్ధతి. పీ-వాల్యూలని వరసలో పెట్టి గీత ఎక్కడ గియ్యాలో చెప్తుంది, చూడ్డానికి రెండు లైన్లు, కానీ జీనోమిక్స్ మొత్తం దాని మీదే నిలబడింది.

రెండోది, మూడు శాంపిళ్ళ నుంచి వేరియన్స్ ఏం అంచనా వేస్తావు నాయనా? పైగా ఇవి కౌంట్లు, నార్మల్ కాదు. పాయిసన్ అందామంటే వేరియన్స్ సగటు కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ నిజమైన తేడా ఉంటుంది కదా. అందుకని నెగటివ్ బైనామియల్ వాడతారు. ఒక్కో జీన్‌కి విడిగా వేరియన్స్ నమ్మకంగా రాదు కాబట్టి మిగతా వేల జీన్ల నుంచి సమాచారం అరువు తెచ్చుకుని అంచనాని అందరి సగటు వైపు కొంచెం లాగుతారు, ఎంపిరికల్ బేయ్స్ అన్నమాట. ఎడ్జ్‌ఆర్, డీసీక్2 అనే ప్యాకేజీల లోపల జరిగేది ఇదే. బటన్ నొక్కేవాళ్ళకి ఇది కోడింగ్, లోపల చూసేవాళ్ళకి శుద్ధమైన స్టాటిస్టిక్స్. నువ్వు ప్రాబబిలిటీ ఒకే సెమిస్టర్ చదివా అన్నావు చూడు, ఏ దారిలో పోయినా ముందు తగిలే దెబ్బ అదే.

తడి_ల్యాబ్
నేను ఎదురు దిక్కు నుంచి వచ్చిన, బయాలజీ చేసి ఇప్పుడు బయోఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్‌ల ఉన్న. మా క్లాసుల మ్యాథ్స్ వాళ్ళు కోడ్ మస్తు రాస్తరు, కానీ కొలిచింది ఏందో అడగరు. ఆర్ఎన్ఏ-సీక్ కొలిచేది ఎమ్‌ఆర్ఎన్ఏని, అంటే ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి తీసిన నకలుని. ప్రోటీన్‌ని కాదు. ఎమ్‌ఆర్ఎన్ఏ పెరిగిందంటే ప్రోటీన్ కూడా అంతే పెరిగిందని స్లైడ్ మీద రాసేస్తరు, ప్రోటీన్లు చాలావరకు ఎమ్‌ఆర్ఎన్ఏ కంటే ఎక్కువసేపు నిలుస్తయి, రెండిటి లెక్క ఒకటే టైముకి కలవాలని ఏం లేదు. ఇంకోటి రెప్లికేట్. ఒకే ప్లేట్ల కణాలని మూడు ట్యూబులల్ల పోస్తే అది మూడు శాంపిళ్ళు కాదు, ఒకటే శాంపిల్‌ని మూడుసార్లు కొలిచినట్టు. అది చూసుకోకుంటే నల్ అన్న చెప్పిన నెగటివ్ బైనామియల్ పెట్టి కూడా లాభం లేదు. కాబట్టి మొదటి ఏడాదిల మాలిక్యులర్ బయాలజీ కోర్సు పేరుకి కాకుండ నిజంగ చదువు, వీలైతే ఏదన్న ల్యాబ్‌ల ఒక ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా పక్కన నిలబడి చూడు.

ఓడీఈ_మాస్టారు
ఆలస్యంగా చూశాను. నేను బయోమ్యాథ్ వైపు పాఠాలు చెబుతుంటాను కాబట్టి ఆ పక్క మాట్లాడేవాళ్ళు లేరని రాస్తున్నాను. ఇప్పటిదాకా అందరూ చెప్పింది టేబుల్ చేతికొచ్చాక ఏం చేస్తారని. మా దగ్గర పని టేబుల్ లేకముందే మొదలవుతుంది. ఏది ఏదాన్ని ఎంత వేగంతో మారుస్తుంది అని ఒక ఊహ రాసుకుంటాం, అది ఈక్వేషన్ అవుతుంది. లోట్కా 1925లో, వోల్టెరా 1926లో వేటాడే జంతువు, వేటకు చిక్కే జంతువు మీద రాసినా, కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో అంటువ్యాధి మీద రాసినా, ట్యూరింగ్ 1952లో రెండు రసాయనాలు వేర్వేరు వేగంతో వ్యాపిస్తే చారలూ మచ్చలూ ఎలా వస్తాయో చూపించినా అదే పద్ధతి. ఈక్వేషన్ రాయడం కష్టం కాదండి. ఏది వదిలెయ్యాలో తెలియడం కష్టం.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ నరం మీద చేసిన పని చూడండి. అయాన్ చానల్ అనేది ఎలా ఉంటుందో అప్పుడు ఎవరూ చూడలేదు. కొలిచిన కరెంటు ఆకారానికి సరిపోవాలని పొటాషియం పదంలో ఒక వేరియబుల్‌ని నాలుగో ఘాతానికి ఎత్తారు, నాలుగు గేట్లు విడివిడిగా తెరుచుకోవాలన్నట్టు. ఆ చానల్ నాలుగు సబ్‌యూనిట్లతో కట్టిందని చాలా ఏళ్ళ తర్వాత తేలింది. వాళ్ళకి 1963లో నోబెల్ వచ్చింది. మోడల్ అంటే నేను ఇష్టపడేది ఇలాంటిది.

రాత్రి_షిఫ్ట్
మాస్టారూ వందేళ్ళ కిందటి లిస్టు చెప్పారు బాగుంది, మరి ఇప్పుడు మీ స్టూడెంట్ పొద్దున లేచి ఏం చేస్తాడు? స్థిర బిందువు కనుక్కుని జాకోబియన్ రాసి ఐగెన్ వాల్యూల గుర్తు చూసి ఇంటికెళ్ళిపోతాడా?

ఓడీఈ_మాస్టారు
హహ. కొందరు అలాగే వెళ్ళిపోతారు, దాచడం ఎందుకు. అలాంటి థీసిస్‌లు లేవనను, ఇంకో కంపార్ట్‌మెంట్ కలిపి, ఇంకో స్థిరత్వ సిద్ధాంతం రాసి, ఒక్క డేటా పాయింటూ చూడకుండా ముగించేవి. నేల విడిచి సాము. సున్నా_ఒకటి గారూ, మీరు చేరబోయే గ్రూప్ గత పేపర్లలో గ్రాఫుల మీద చుక్కలు ఉన్నాయో, వంకరగీతలు మాత్రమే ఉన్నాయో చూసుకోండి. చుక్కలంటే కొలిచిన డేటా అన్నమాట.

సరే, పని ఎలా ఉంటుందో ఒక చిన్న ఉదాహరణ. ఎస్ఐఆర్ మోడల్ తీసుకోండి, జనాన్ని సోకే వీలున్నవాళ్ళు, సోకినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు అని మూడు గుంపులు చేసేది. సోకే రేటు బీటా, కోలుకునే రేటు గామా. వ్యాధి మొదలైన కొత్తలో కేసులు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతాయి, ఆ పెరుగుదల రేటు బీటా మైనస్ గామా. మీ చేతిలో మొదటి వారాల కేసుల గ్రాఫ్ మాత్రమే ఉంది, పెరుగుదల రోజుకి 0.1 అని తేలింది. రోగి సగటున 5 రోజులు అంటిస్తాడనుకుంటే గామా 0.2, బీటా 0.3, ఆర్-నాట్ (ఒక రోగి మొదట్లో సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ సంఖ్య) 1.5 వస్తుంది. 10 రోజులు అనుకుంటే గామా 0.1, బీటా 0.2, ఆర్-నాట్ 2. గ్రాఫ్ మాత్రం రెండిటికీ ఒకటే, వెంట్రుకవాసి తేడా ఉండదు. కానీ అడ్డుకట్ట ఏమీ వేయకపోతే చివరికి ఎంతమందికి సోకుతుందని మోడల్‌ని అడిగితే మొదటిది 58 శాతం అంటుంది, రెండోది 80 శాతం అంటుంది. కంప్యూటర్‌కి ఇచ్చి ఫిట్ చెయ్యమంటే ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది, పైగా గీత చుక్కల మీద చక్కగా కూర్చుంటుంది. దీన్ని ఐడెంటిఫయబిలిటీ సమస్య అంటారు. మా స్టూడెంట్ పొద్దున లేచి చేసేది ఎక్కువగా ఇదే: ఈ డేటాతో ఏ పారామీటర్ తెలుసుకోగలం, ఏది జన్మలో తెలుసుకోలేం, తెలుసుకోవాలంటే ఇంకేం కొలవమని ప్రయోగం చేసేవాళ్ళని అడగాలి.

నల్_హైపోథిసిస్
మాస్టారూ నమస్కారం, ఇది పైప్‌లైన్_అక్క చెప్పిన బ్యాచ్ సంగతే కదా వేరే వేషంలో. అక్కడ డిజైన్ మ్యాట్రిక్స్ ర్యాంక్ పడిపోయింది, ఇక్కడ ఫిషర్ ఇన్ఫర్మేషన్ మ్యాట్రిక్స్ (డేటా పారామీటర్ల గురించి ఎంత చెప్తుందో కొలిచేది) ర్యాంక్ పడిపోయింది. మన సి.ఆర్.రావు గారు 1945లో ఇచ్చిన హద్దు, అంచనా వేరియన్స్ ఇంతకంటే తగ్గదని చెప్పే క్రామర్-రావు బౌండ్, ఇక్కడ నేరుగా పనికొస్తుంది, ఆ మ్యాట్రిక్స్ సింగ్యులర్ దగ్గరికి పోయేకొద్దీ అంచనా వేరియన్స్ ఆకాశానికి పోతుంది. నేనెప్పుడూ అనే మాట, ఈ రెండు దారుల మధ్య గోడ ప్రాస్పెక్టస్‌లోనే ఉంది.

పైప్‌లైన్_అక్క
గోడ లేదంటే ఒప్పుకోను నల్ గారూ. పనిలో తేడా గట్టిగా ఉంది. నాకు ప్రశ్న ఇంకొకరు తెస్తారు, డేటా ఇంకొకరిది, గడువు ఇంకొకరిది, రెండు వారాల్లో జవాబు కావాలి. మాస్టారి స్టూడెంట్ ఒక్క మోడల్‌తో మూడేళ్ళు కాపురం చేస్తాడు. నాకు ఇలా తరచూ ప్రాజెక్టులు మారడమే ఇష్టం, ఈ నెల బాక్టీరియా, వచ్చే నెల ఎలుక మెదడు. కొంతమందికి అది నరకం. మ్యాథ్స్ వచ్చా రాదా అన్నదానికంటే ఇది ముందు తేల్చుకోవాలి.

గ్రాఫ్_గిరి
బయోఇన్ఫర్మాటిక్స్ అంటే ఆర్ఎన్ఏ-సీక్ ఒక్కటే అన్నట్టు పోతోంది థ్రెడ్, నేను ఊరుకోను. పద్ధతులు వాడేవాళ్ళు వేరు, తయారుచేసేవాళ్ళు వేరు, పీహెచ్‌డీ అంటే రెండోది కూడా చూడు బ్రో. సీక్వెన్స్ అలైన్‌మెంట్, అంటే రెండు డీఎన్ఏ లేదా ప్రోటీన్ వరసల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం, నీడిల్‌మన్, వున్ష్ 1970లో డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో చేశారు, 1981లో స్మిత్, వాటర్‌మన్ దాన్ని లోకల్ అలైన్‌మెంట్‌కి (బాగా కలిసే ముక్కల్ని మాత్రమే పోల్చడానికి) మార్చారు, రెండూ కచ్చితమైన జవాబే ఇస్తాయి గానీ పెద్ద డేటాబేస్ మీద నత్తనడక, అందుకని 1990లో బ్లాస్ట్ వచ్చింది, చిన్న ముక్క కలిసిన చోట మాత్రమే సాగదీస్తుంది కాబట్టి వేగం, ఒక్కోసారి వదిలేసేవీ ఉంటాయి. ఇక జీనోమ్ అసెంబ్లీ, చిన్న రీడ్లని కలిపి మొత్తం జీనోమ్ కట్టడం. రీడ్లని నోడ్లు చేసి ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట గీతలు గీస్తే నువ్వు వెతకాల్సింది హామిల్టోనియన్ పాత్ (ప్రతి నోడ్‌నీ ఒక్కసారే తాకే దారి), అంటే ఎన్‌పీ కష్టం, త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలీదు. అదే రీడ్లని చిన్న కే-మర్లుగా (కే అక్షరాల ముక్కలుగా) కోసి, వాటిని నోడ్లు కాకుండా గీతలు చేస్తే డి బ్రౌన్ గ్రాఫ్, అందులో వెతకాల్సింది ఆయిలేరియన్ పాత్ (ప్రతి గీత మీదా ఒక్కసారే నడిచే దారి), అది తేలిక! పెవ్జ్‌నర్, టాంగ్, వాటర్‌మన్ 2001 పేపర్. ప్రశ్నని తిరగేసి రాస్తే కష్టం మాయమవడం అంటే ఇదే, నేను ఈ ఫీల్డులోకి వచ్చిందే ఆ పేపర్ చదివి.

అఫ్‌కోర్స్ పూర్తిగా మాయమవ్వదు. మన జీనోమ్‌లో సుమారు సగం రిపీట్లే, రీడ్ కంటే పొడవైన రిపీట్ వస్తే గ్రాఫ్ చిక్కుపడిపోతుంది. హ్యూమన్ జీనోమ్ 2003లో అయిపోయిందని ప్రకటించినా ఆ మిగిలిన 8 శాతం దాకా పూర్తవడానికి పొడవాటి రీడ్ల టెక్నాలజీ వచ్చి 2022 దాకా పట్టింది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. బరోస్-వీలర్ ట్రాన్స్‌ఫార్మ్ అని 1994లో ఫైళ్ళు కంప్రెస్ చెయ్యడానికి కనిపెట్టారు, బయాలజీతో సంబంధమే లేదు. 2009లో బీడబ్ల్యూఏ, బోటై అనే ప్రోగ్రాములు దాన్నే వాడి 300 కోట్ల అక్షరాల జీనోమ్ మీద రీడ్లు అతికించడం మామూలు కంప్యూటర్‌కి దించేశాయి.

సున్నా_ఒకటి
గిరి అన్నా, హామిల్టన్ నుంచి ఆయిలర్‌కి మారడం చదివి లేచి నిలబడ్డా నిజంగా. ఇంకో డౌట్. ఇప్పుడు ప్రోటీన్ ఆకారం ఊహించే ఆల్ఫాఫోల్డ్ లాంటివి వచ్చాక ఇవన్నీ చదవడం దండగ అని ఒక సీనియర్ అన్నాడు, డీప్ లెర్నింగ్ నేర్చుకుంటే చాలట.

గ్రాఫ్_గిరి
ఆల్ఫాఫోల్డ్2 సాధించింది చిన్నదేం కాదు, 2020లో ప్రోటీన్ ఆకారాలు ఊహించే కాస్ప్14 పోటీలో అందర్నీ చిత్తుచేసింది, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం హసాబిస్, జంపర్‌లకి దానికే వచ్చింది, మిగతా సగం ప్రోటీన్ డిజైన్‌కి బేకర్‌కి. కానీ అది దేని మీద నేర్చుకుంది? 1971 నుంచి ల్యాబుల్లో ఒక్కో స్ట్రక్చర్ తేల్చి పీడీబీ అనే డేటాబేస్‌లో పెడుతూ వచ్చిన డేటా మీద. దానికి లోపలికి ఇచ్చేది మల్టిపుల్ సీక్వెన్స్ అలైన్‌మెంట్, అంటే మీ సీనియర్ దండగ అన్న పాత అలైన్‌మెంటే. ఏ రెండు స్థానాలు జాతుల్లో కలిసి మారుతున్నాయో చూసి అవి దగ్గరగా ఉంటాయని పట్టుకుంటుంది.

నల్_హైపోథిసిస్
డీప్ లెర్నింగ్ నేర్చుకో, వద్దనను, కానీ ప్రోటీన్ డేటాని ట్రెయిన్, టెస్ట్ అని యాదృచ్ఛికంగా చీల్చకు. ఒకే కుటుంబం ప్రోటీన్లు రెండు పక్కలా పడతాయి, మోడల్ నేర్చుకోకుండా గుర్తుపట్టేస్తుంది, 98 శాతం యాక్యురసీ అని సంబరపడతావు. పోలికని బట్టి గుంపులు కట్టి, గుంపుకి గుంపుని ఒక పక్క వెయ్యాలి. ఇది ఎందుకో అర్థం కావాలంటే జీవ పరిణామం తెలియాలి, ఏ డీప్ లెర్నింగ్ క్లాసులోనూ ఇది చెప్పరు.

తడి_ల్యాబ్
ఇంకో మాట, ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేది ఆకారం. ఆ ప్రోటీన్ ఎంత వేగంగ పనిచేస్తది, కణంల ఎన్ని ఉన్నయి, ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోతయి, ఇవేవీ అందుల లేవు. అక్కడ మళ్ళ మాస్టారి ఈక్వేషన్లు కావాలె.

రాత్రి_షిఫ్ట్
జోకులు పక్కన పెట్టి పనికొచ్చే సంగతులు కొన్ని చెప్తా, ఇవి తెలియక ఏడ్చేవాళ్ళని రోజూ చూస్తుంటా. జీనోమ్ మీద స్థానాలు రాసే ఫైల్ ఫార్మాట్లలో, బెడ్ ఫైల్‌లో లెక్క సున్నా నుంచి మొదలు, వీసీఎఫ్‌లో, జీఎఫ్ఎఫ్‌లో ఒకటి నుంచి (నీ యూజర్‌నేమ్ దీనికే పెట్టుకున్నావేమో అనుకున్నా), కలిపేస్తే అన్నీ ఒక అక్షరం పక్కకి జరుగుతాయి, ఎర్రర్ ఏం రాదు, జవాబు మాత్రం తప్పు. జీఆర్‌సీహెచ్37 (మనిషి రిఫరెన్స్ జీనోమ్ పాత వెర్షన్) కోఆర్డినేట్లు తెచ్చి దాని తర్వాతి జీఆర్‌సీహెచ్38 మీద పెడితే కూడా అంతే, నిశ్శబ్దంగా తప్పు. జీన్ల లిస్టు ఎక్సెల్‌లో తెరవకు, సెప్ట్2 అనే జీన్ సెప్టెంబర్ 2 అయిపోద్ది, మార్చ్1 అనేది మార్చి 1. ఎంత చెప్పినా జనం వినలేదు, చివరికి 2020లో జీన్లకే పేర్లు మార్చుకున్నారు, సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని. సాఫ్ట్‌వేర్ మార్చడం కంటే సైన్స్ మార్చడం తేలికైంది మరి.

సున్నా_ఒకటి
😂 ఈ ఎక్సెల్ సంగతి నమ్మలేకపోతున్నా. రాసుకున్నా అన్నీ. మరి రెండూ నిజంగా కలిసే చోటు ఏదన్నా ఉందా, లేకపోతే ఇలా ఒకరినొకరు దెప్పుకోవడమేనా?

ఓడీఈ_మాస్టారు
ఉన్నాయి, మంచివే ఉన్నాయి. పాపులేషన్ జెనెటిక్స్, ఫైలోజెనెటిక్స్ (జీవుల వంశవృక్షాలు కట్టడం) చూడండి. కింగ్‌మన్ 1982లో ఇచ్చిన కోలెసెంట్ సిద్ధాంతం శుద్ధమైన ప్రాబబిలిటీ: ఇవాళ్టి శాంపిల్ నుంచి వెనక్కి నడుస్తూ ఏ రెండు వంశాలు ఎప్పుడు ఒకే పూర్వీకుడి దగ్గర కలుస్తాయి అని. ఫెల్సెన్‌స్టైన్ 1981లో ఒక వంశవృక్షానికి లైక్లీహుడ్ త్వరగా లెక్కేసే అల్గారిథమ్ ఇచ్చారు. ఒకటి మ్యాథ్స్, ఒకటి కంప్యూటింగ్ అని విడదీయమంటే నాకు చేతకాదు. అంతకంటే వెనక్కి పోతే లూరియా, డెల్‌బ్రుక్ 1943 ప్రయోగం. వైరస్‌ని తట్టుకునే బాక్టీరియా వైరస్‌ని చూశాక మారాయా, ముందే యాదృచ్ఛికంగా మారి ఉన్నాయా అన్నది ప్రశ్న. వైరస్‌ని చూశాకే మారితే ట్యూబు ట్యూబుకీ సంఖ్య పాయిసన్‌లా ఉండాలి. వాళ్ళకి కొన్ని ట్యూబుల్లో సున్నా, కొన్నిట్లో వందలు వచ్చాయి. ముందే మారి పిల్లల్ని కన్నాయన్నమాట. మైక్రోస్కోప్‌లో ఏమీ చూడలేదు, వేరియన్స్ చూసి జీవశాస్త్రం చెప్పారు.

పైప్‌లైన్_అక్క
కొత్తవాటిలో ఆర్ఎన్ఏ వెలాసిటీ, 2018. ఒక్కో కణాన్నీ విడిగా కొలిచే సింగిల్ సెల్ డేటాలో ఇంకా స్ప్లైస్ కాని (మధ్యలో అక్కర్లేని ముక్కలు తీసెయ్యని) ఆర్ఎన్ఏ, స్ప్లైస్ అయిపోయిన ఆర్ఎన్ఏ విడివిడిగా లెక్కేసి, రెండిటి మధ్య రెండు లీనియర్ ఓడీఈలు (ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు) పెట్టి, ఆ కణం ఏ దిశలో మారబోతోందో అంచనా వేస్తుంది. రంగురంగుల బాణాలు వస్తాయి, అందరూ పేపర్లో పెట్టేస్తారు. ఆ రేట్లు స్థిరం అనుకున్నామని, ఆ బాణాల్ని బొమ్మ మీదకి దించేటప్పుడు చాలా సర్దుబాటు జరిగిందని ఎంతమందికి తెలుసో దేవుడికెరుక. నీలాంటి మ్యాథ్స్ వాళ్ళు అవసరమయ్యేది ఇక్కడే తమ్ముడూ.

సున్నా_ఒకటి
అక్కా, మాస్టారూ, ఇప్పుడు కొంచెం స్పష్టంగా ఉంది. మొదటి ఏడాది ఉమ్మడి కోర్సుల్లో స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్, మాలిక్యులర్ బయాలజీ తీసుకుంటా, రొటేషన్ (కొన్నాళ్ళు ఒక గ్రూప్‌లో పనిచేసి చూడ్డం) రెండు చోట్లా అడుగుతా. గైడ్‌ని ఏం అడగాలి? చేరేలోపు ఏదన్నా చేసి చూడాలనుంది, చిన్నది.

పైప్‌లైన్_అక్క
గైడ్‌ని అడగాల్సింది ఒక్కటే ముఖ్యం: డేటా ఎవరిది, ఇప్పుడు చేతిలో ఉందా, రాబోతోందా. "రాబోతోంది" అంటే నవ్వి ఊరుకో. ఆ గ్రూప్‌లో ఉన్న స్టూడెంట్లతో గైడ్ లేనప్పుడు మాట్లాడు. చేసి చూడ్డానికైతే, నీకు నచ్చిన పేపర్ ఒకటి తీసుకుని జీఈఓ అనే ఉచిత జీన్ డేటాబేస్ నుంచి దాని డేటా దించి ఒక్క బొమ్మ మళ్ళీ వచ్చేలా చెయ్యి, ఆర్‌లో గానీ పైథాన్‌లో గానీ. లినక్స్, గిట్ ఆ దారిలో అవే వస్తాయి.

ఓడీఈ_మాస్టారు
నా వైపు నుంచి ఒక అభ్యాసం. గిలెస్పీ అల్గారిథమ్, 1977, రసాయన చర్యల్ని యాదృచ్ఛికంగా ఒక్కోటిగా నడిపించే పద్ధతి. ఒక జీన్, స్థిరమైన రేటుతో ఎమ్‌ఆర్ఎన్ఏ పుడుతుంది, ఒక్కోటీ ఒక రేటుతో పోతుంది. యాభై లైన్ల కోడ్ కూడా అవ్వదు. చాలాసేపు నడిపి వేరియన్స్‌ని సగటుతో భాగించండి. ఆ తర్వాత జీన్‌కి ఆన్, ఆఫ్ రెండు స్థితులు పెట్టి, ఎక్కువసేపు ఆఫ్‌లో ఉండి ఎప్పుడో కాసేపు ఆన్ అయ్యేలా చేసి మళ్ళీ చూడండి.

సున్నా_ఒకటి
మాస్టారూ చేశా! మొదటిదానికి నిష్పత్తి ఒకటి దగ్గర వచ్చింది, పాయిసన్ కాబట్టి రావాలి, కాగితం మీద కూడా రాబట్టా. ఆన్-ఆఫ్ పెట్టాక నిష్పత్తి చాలా పెద్దదైంది, హిస్టోగ్రామ్ సున్నా దగ్గర గుట్టలా ఉండి కుడివైపు పొడుగు తోక వచ్చింది. నెగటివ్ బైనామియల్ వేసి చూస్తే చక్కగా సరిపోయింది!! అంటే నల్ అన్న చెప్పిన డీసీక్2లో నెగటివ్ బైనామియల్ ఇక్కణ్ణుంచి వచ్చిందేనా? జీన్ ఆన్-ఆఫ్ అవ్వడం వల్లా?

నల్_హైపోథిసిస్
ఆగాగు. జీన్ కొద్దిసేపే ఆన్‌లో ఉండి విడతలు విడతలుగా ఎమ్‌ఆర్ఎన్ఏ కక్కితే ఒక్కో కణంలో నెగటివ్ బైనామియల్ వస్తుంది, నిజమే, విడత సైజు సగటు బీ అయితే నీ నిష్పత్తి 1 ప్లస్ బీ రావాలి, సరిచూసుకో. కానీ డీసీక్2 చూసే శాంపిల్‌లో లక్షల కణాలు కలిసిపోయి ఉన్నాయి, కణం కణానికీ ఉన్న ఆ తేడా సగటులో కొట్టుకుపోయింది. అక్కడ కనబడే అదనపు వేరియన్స్ శాంపిల్‌కీ శాంపిల్‌కీ ఉన్న తేడా. పాయిసన్ సగటే గామా పంపిణీతో మారుతోందంటే చాలు, కారణం ఏదైనా సరే నెగటివ్ బైనామియల్ వచ్చేస్తుంది. పంపిణీ ఒకటే అయినంత మాత్రాన వెనకున్న యంత్రాంగం ఒకటే అనకు.

సున్నా_ఒకటి
అన్నా అయితే సింగిల్ సెల్ డేటాలో నెగటివ్ బైనామియల్ సరిపోతే అప్పుడన్నా జీన్ ఆన్-ఆఫ్ అవుతోందని చెప్పొచ్చా?

తడి_ల్యాబ్
అదీ చెప్పలేవు తమ్మీ. మైక్రోస్కోప్ కింద ఒక్కో ఎమ్‌ఆర్ఎన్ఏని చుక్క లెక్క చూస్తం, ఎస్ఎమ్-ఫిష్ అంటరు, కణానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టొచ్చు. అట్ల చూస్తే పెద్ద కణంల చుక్కలు ఎక్కువ, చిన్న కణంల తక్కువ. డీఎన్ఏ కాపీ అయిపోయి విభజనకి దగ్గరికొచ్చిన కణంల జీన్ కాపీలే రెండింతలు. ఆన్-ఆఫ్ ఏం లేకున్నా ఇవే చాలు వేరియన్స్ పెరగడానికి. నీ కోడ్‌ల కణం పెరగట్లే, విడిపోవట్లే. ముందుగాల అది పెట్టు, విడిపోయేటప్పుడు ఒక్కో ఎమ్‌ఆర్ఎన్ఏ ఏ పిల్ల కణంలకి పోతదో నాణెం ఎగరేసి తేల్చు, అప్పుడు నిష్పత్తి ఎంతొస్తదో ఇక్కడ రాయి.